ఆఫీసు పని ఆగదు, సొంత పని కదలదు. క్రమశిక్షణ పుట్టుకతోనే రావాలా?

వాన చినుకు (ప్రశ్న):

నేనొక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నెలాఖరు క్లోజింగ్ అయినా, ఆడిట్ అయినా నా వల్ల పని ఆగిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అవసరమైతే రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని ముగించే వస్తాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మనిషిని నేనేనా అనిపిస్తుంది.

ఒక ప్రొఫెషనల్ పరీక్ష రాయాలని పుస్తకాలు కొన్నాను, ఆన్‌లైన్ క్లాసులకు డబ్బు కట్టాను. ఆదివారం రాత్రి కూర్చుని వారం మొత్తానికీ టైంటేబుల్ వేసుకుంటాను. రోజుకి రెండు గంటలు. సోమవారం ఉత్సాహంగా చదువుతాను. మంగళవారం ఫర్వాలేదు. బుధవారం ఆఫీసులో ఆలస్యమవుతుంది, లేదంటే ఇంట్లో ఏదో పని పడుతుంది. గురువారానికి పుస్తకం చూస్తేనే చిరాకు. ఈ వారం ఎలాగూ పోయింది కదా, వచ్చే సోమవారం నుంచి గట్టిగా మొదలుపెడదాం అనుకుంటాను. ఇలాగే నెలలు గడిచాయి. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఇంకా మూడో చాప్టర్ దగ్గరే ఉన్నాను.

చదువొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. వాకింగ్ మొదలుపెట్టినా ఇదే తీరు, రాత్రి త్వరగా పడుకోవాలనుకున్నా ఇదే తీరు. ఫోన్ పట్టుకుంటే పన్నెండు దాటిపోతుంది. ఇంట్లోవాళ్లు "నీది ఆరంభశూరత్వం" అంటారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అసలు క్రమశిక్షణ పుట్టుకతో వచ్చే గుణమా? నాకు లేకపోతే ఆఫీసులో ఎలా ఉంటోంది? ఉంటే ఇంటికొచ్చేసరికి ఎటు పోతోంది? అందరూ "విల్ పవర్ పెంచుకో" అంటారు గానీ ఎలాగో చెప్పరు. మోటివేషన్ వీడియోలు చాలా చూశాను, చూసిన గంటసేపు బాగుంటుంది. మీలో ఎవరికైనా నిజంగా పనికొచ్చిన సంగతి ఉంటే వివరంగా రాయండి.

పరుగు:

సూటిగా చెబుతాను, నొచ్చుకోకండి. మనసు వద్దన్నప్పుడు కూడా చేయడాన్నే క్రమశిక్షణ అంటారు. చేయాలనిపించినప్పుడు ఎవరైనా చేస్తారు.

నేను ఉదయం ఐదింటికి లేచి పరుగుకి వెళ్తాను. లేవాలని అనిపించి లేచిన రోజులు చాలా తక్కువ. అలారం మోగాక మనసుతో బేరాలు పెట్టుకోను. రన్నింగ్ బట్టలు వేసుకునే పడుకుంటాను, బూట్లు మంచం పక్కనే ఉంటాయి. ఐదుంపావుకి గేటు దగ్గర మా గ్రూపువాళ్లు నిలబడి ఉంటారు, అందుకని ఆలస్యం చేసే ప్రశ్నే లేదు. మీరు సాకులు వెతకడం మానేసి ఒక్క 21 రోజులు పళ్లు బిగించండి. అదే అలవాటైపోతుంది.

నడక:

పరుగు గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఎందుకు ఒప్పుకోలేనో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, భుజం బిగుసుకుపోయినవాళ్లు, నడుం నొప్పితో వంగలేనివాళ్లు వస్తుంటారు. నేను పక్కన నిలబడి లెక్కపెడుతుంటే అందరూ చేస్తారు. ఇంటి దగ్గర చేయాల్సినవి బొమ్మలతో సహా కాగితం మీద ఇచ్చి పంపిస్తాను. మళ్లీ వచ్చినప్పుడు, చేశారా లేదా అని నేను అడగక్కర్లేదు. మోకాలి పక్కన గోనియోమీటర్ పెట్టి ఎన్ని డిగ్రీలు వంగుతోందో చూస్తే తెలిసిపోతుంది.

వీళ్లకున్నంత గట్టి కారణం ఇంకెవరికి ఉంటుంది చెప్పండి. చేయకపోతే కీలు బిగుసుకుపోతుంది, మెట్లెక్కడం కష్టమవుతుంది. ఆ సంగతి వాళ్లకి బాగా తెలుసు. అయినా చాలామంది చేయరు. ఎంతోమంది చేత పని చేయించే మనిషి తన మోకాలికి రోజూ పావుగంట ఇవ్వలేకపోవడం చూశాను. "నా వల్ల ఎక్కడవుతుందమ్మా" అని మొదటిరోజే చేతులెత్తేసిన పెద్దావిడ పూట తప్పకుండా చేయడమూ చూశాను.

ఆ పెద్దావిడ గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆమెది ఫ్రోజెన్ షోల్డర్. చెయ్యి భుజం ఎత్తు దాటేది కాదు. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లని గోడ మీద పాకిస్తూ చెయ్యిని పైకి తీసుకెళ్లే ఎక్సర్‌సైజ్ ఒకటి ఇస్తాం. ఇంట్లో ఎక్కడ చేస్తారని అడిగితే, స్నానాలగది తలుపు పక్క గోడ దగ్గర అంది. స్నానానికి వెళ్లేముందు ఎలాగూ అక్కడికే వస్తుంది కదా. ఆ గోడకి దారంతో ఒక పెన్సిల్ కట్టించుకుంది. వేళ్లు ఎంతవరకు వెళ్లాయో అక్కడ చిన్న గీత గీయడం. కొన్నాళ్ల తర్వాత ఆమె కొడుకు ఫోన్లో ఆ గోడ ఫొటో చూపించాడు. కిందివైపు గీతలన్నీ ఒకదాన్నొకటి తాకుతున్నట్టున్నాయి, పైకి వెళ్లేకొద్దీ ఎడం పెరిగింది. కొన్నిచోట్ల ఆ రోజు గీత ముందురోజు గీతకన్నా కిందే ఉంది. చెయ్యి లేవని రోజున కూడా ఆమె గోడ దగ్గరికి వచ్చింది, గీత గీసింది. ఆ కింద పడిన గీతలే నాకు అన్నిటికన్నా నచ్చాయి.

"వీలున్నప్పుడు చేస్తాను మేడమ్" అన్నవాళ్లని నేను అంత తొందరగా పంపించను. ఎప్పుడు? దేని తర్వాత? ఏ గదిలో? కుర్చీ మీదా, మంచం మీదా? రబ్బరు బ్యాండ్ ఎక్కడ పెడతారు? అలమరలో అంటే ఒప్పుకోను, రోజూ కూర్చునే కుర్చీ కాలికే కట్టి ఉంచమంటాను. ఇవన్నీ చాదస్తంలా కనిపిస్తాయని తెలుసు. కానీ కీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకునేవాళ్ల మీదే ఆర్బెల్, షీరన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతి పరిశీలించి 2000లో ప్రచురించారు. ఏ పని ఎప్పుడు, ఎక్కడ మొదలుపెడతామో ముందే తేల్చుకున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత రోజువారీ పనుల్లో మిగతావాళ్లకన్నా త్వరగా పడ్డారు. కోలుకోవాలన్న కోరిక అందరికీ ఉంటుంది. ఫలానా చోట, ఫలానా దాని తర్వాత అన్న స్పష్టతే అందరికీ ఉండదు.

ఇక మీ సంగతికి వస్తాను. ఆఫీసులో మీ చుట్టూ ఏమేం ఉన్నాయో చూడండి. క్లోజింగ్‌కి తేదీ ఉంది. మీ షీట్ కోసం ఎదురుచూసే మనిషి ఉన్నాడు. కూర్చోగానే సిస్టమ్‌లో నిన్నటి ఫైలు తెరిచే ఉంటుంది. పక్కవాళ్లు కూడా అదే పని చేస్తుంటారు. ఇంట్లో వీటిలో ఒక్కటీ లేదు. రెండుచోట్లా మీరు ఒకే మనిషి. ఆఫీసులో ఆ ఏర్పాటు వేరేవాళ్లు చేసిపెట్టారు, ఇంట్లో ఎవరూ చేయలేదు, అంతే తేడా. పరుగు గారి పట్టుదలని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆయన రాసింది మళ్లీ చదవండి. బట్టలు ముందే వేసుకుని పడుకోవడం, మంచం పక్కన బూట్లు, గేటు దగ్గర స్నేహితులు. ఐదింటికి నిర్ణయించుకోవడానికి ఆయన ఏమీ మిగుల్చుకోలేదు. క్రమశిక్షణ ఉన్నవాళ్లు చాలామంది ఇంతే. అసలు పని ముందురోజే అయిపోయి ఉంటుంది.

మీ టైంటేబుల్ సోమవారానికి సరిపోయేలా వేశారు. బుధవారానికి సరిపోయేలా వేయండి. ఆఫీసులో ఆలస్యమై, తలనొప్పితో ఇంటికొచ్చిన మనిషి ఎంత చదవగలడు? ఒక్క లెక్క. పది నిమిషాలు. రోజూ చేయాల్సిన పని అదే అనుకోండి. ఓపిక ఉన్నరోజు రెండు గంటలు చదివితే సంతోషం, మర్నాటికి మాత్రం మళ్లీ పది నిమిషాలే బాకీ. మొదటి వారంలో నేనిచ్చే ఎక్సర్‌సైజులు చూసి "ఇంతేనా?" అని అడుగుతారు. ఇంతే. బాగా నొప్పిగా ఉన్నరోజు కూడా చేయగలిగినంతే ఇస్తాను.

గురువారం మీకు కలిగే చిరాకు నేను బాగా ఎరుగుదును. నిండా మునిగినవాడికి చలేంటి అన్నట్టు, ఒక పూట తప్పితే వారమంతా వదిలేస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు రెండ్రోజులు మానేశారన్న సిగ్గుతో అపాయింట్‌మెంటుకే రారు. అందుకే నేను ఎవరినీ కోప్పడను. తప్పిన రోజుల లెక్క అడగను, ఈ రోజు ఇక్కడ కలిసి చేద్దాం అంటాను. వచ్చే సోమవారం అనే మాట మీ నోటి వెంట రానివ్వకండి. బుధవారం తప్పితే గురువారం ఆ పది నిమిషాలు. అది చాలు.

ఇంకొక్క మాట. ప్రతిసారీ మూడో చాప్టర్ దగ్గరే ఎందుకు ఆగుతున్నారో ఆలోచించారా? ఎక్సర్‌సైజ్ మానేసినవాళ్లని మెల్లగా కదిపితే, ఫలానా కదలికలో ఏదో పట్టేస్తుందని, భయమేస్తోందని అప్పుడు చెబుతారు. అంతవరకు "బద్ధకం మేడమ్" అనే అంటారు. బద్ధకం అని చెప్పుకోవడం సులువు, భయం అని చెప్పుకోవడం కష్టం. మీ మూడో చాప్టర్‌లో మీకు అర్థం కానిదేదో ఉందేమో చూడండి. ఉంటే అక్కడ కావాల్సింది క్రమశిక్షణ కాదు, చెప్పేవాళ్లు.

నల్లబల్ల:

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. నడక గారు రాసినదానికి కొంత జోడిస్తాను, ముఖ్యంగా ఈ 21 రోజుల మాట గురించి. అది వినీ వినీ ఎంతమంది తమని తాము తక్కువ చేసుకుంటున్నారో నా విద్యార్థుల్లోనే చూస్తున్నాను.

మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. అందులోని "కనీసం" నోటినోటా జారిపోయింది, అది ముఖాల గురించి అన్న సంగతీ జారిపోయింది. అలవాట్ల మీద నేరుగా చేసిన పరిశీలన ఫిలిప్పా లాలీ బృందానిది, లండన్‌లో 96 మందితో చేసి 2010లో ప్రచురించారు. పని దానంతట అదే జరిగిపోయే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మీకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి అందులోనే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం దెబ్బతినలేదు.

విల్ పవర్ అనేది వాడేకొద్దీ తరిగిపోతుందన్న మాట కూడా ఒకప్పుడు గట్టిగా చెలామణి అయింది. రాయ్ బామైస్టర్ బృందం 1998లో చేసిన ప్రయోగం దానికి మూలం. 2016లో 23 ప్రయోగశాలలు రెండువేల మందికి పైగా మనుషులతో ఆ ప్రభావాన్ని మళ్లీ పరీక్షించి చూస్తే దాదాపు సున్నా తేలింది. కాబట్టి రోజంతా ఆఫీసులో విల్ పవర్ ఖర్చయిపోయింది, ఇంటికి మిగల్లేదు అనే లెక్క మీద ఆధారపడకండి. అలసట నిజమే. అది అలసట, అంతవరకే.

పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి పెట్టి, ఆగితే రెండు ఇస్తామన్న వాల్టర్ మిషెల్ ప్రయోగం గురించి వినే ఉంటారు. "ఆగగలిగిన పిల్లలే జీవితంలో పైకొచ్చారు" అని వీడియోల్లో చెబుతుంటారు. 2018లో టైలర్ వాట్స్ బృందం ఎక్కువమంది పిల్లలతో చూస్తే ఆ సంబంధం ముందు చెప్పినదాంట్లో సగమే కనిపించింది, కుటుంబ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గిపోయింది. నా దృష్టిలో మిషెల్ పరిశోధనలో విలువైన భాగం వేరే ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. తినేదాన్ని కంటికి కనపడకుండా మూసిపెడితే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. దాన్నే చూస్తూ కూర్చున్నవాళ్లు ఆగలేకపోయారు. వేరే సరదా సంగతులు ఆలోచించుకోమని చెబితే, ఎదురుగా ఉన్నా ఆగగలిగారు. 2013లో సెలెస్ట్ కిడ్ బృందం ఇంకో కోణం చూపించింది. ముందొకసారి మాట తప్పిన పెద్దవాళ్ల దగ్గర పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు, మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర పన్నెండు నిమిషాలు ఆగారు. మనకి మనం ఇచ్చుకునే మాటలూ అంతేనని నా అభిప్రాయం. ప్రతి ఆదివారం పెద్ద మాట ఇచ్చుకుని బుధవారం తప్పితే, మన మాట మీద మనకే నమ్మకం పోతుంది. చిన్న మాట ఇచ్చుకుని నిలబెట్టుకోమని నడక గారు చెప్పడంలో ఉన్న బలం అదే.

పుట్టుకతో వస్తుందా అని అడిగారు. కొంతవరకు అవును. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో లెక్కగడితే, మనుషుల మధ్య నిగ్రహంలో కనిపించే తేడాల్లో సుమారు 60 శాతం జన్యుపరమైనవని తేలింది. అది జనం మొత్తానికి సంబంధించిన లెక్క. మీ ఒక్కరిలో అరవై పాళ్లు ఖాయమైపోయాయని దానర్థం కాదు, మారదని అసలే కాదు. పైగా నిగ్రహం ఎక్కువ ఉన్నవాళ్లు రోజంతా తమతో తాము పోరాడుతూ ఉండరు. హాఫ్‌మన్ బృందం 205 మందికి పరికరాలు ఇచ్చి, రోజులో మధ్యమధ్య వాళ్ల కోరికల గురించి అడిగి 2012లో ప్రచురించింది. నిగ్రహం ఎక్కువ ఉన్నవాళ్లకి ఆ లాగులాటే తక్కువ ఎదురవుతోందని తేలింది.

ఇక తిట్టుకోవడం గురించి. మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారని వోల్, పిచిల్, బెన్నెట్ 2010లో చూపించారు. మెత్తగా ఉంటే చెడిపోతామనే భయం మనలో చాలామందికి ఉంటుంది. ఈ ఫలితం దానికి పూర్తిగా వ్యతిరేకం.

రాత్రి డ్యూటీ:

నేను నర్సుని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. "రోజూ ఉదయం ఆరింటికి" అని మొదలయ్యే సలహాలేవీ నాకు పనికిరావు. గడియారానికి కాకుండా, తప్పకుండా జరిగే పనికి ముడిపెట్టుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం విప్పి వేరే బట్టలు వేసుకోవడం ఏ షిఫ్టులో అయినా జరుగుతుంది. ఆ వెంటనే చాప వేసి స్ట్రెచింగ్ చేస్తాను. మంచం మీద కూర్చున్నానంటే ఇంక లేవను, కాబట్టి చాప మంచానికి ముందే, దారికి అడ్డంగా ఉంటుంది. ఉద్యోగానికి వేళాపాళా లేనివాళ్లు ఈ పద్ధతి చూడండి.

వాన చినుకు గారూ, మీరు నిద్ర గురించి ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోయారు. నేనైతే అక్కడే మొదలుపెడతాను. వరసగా నిద్ర తక్కువైనప్పుడు చదువు ఒంటపట్టదు, చిన్నదానికే చిరాకొస్తుంది, ఫోన్ పక్కన పెట్టడం కూడా కష్టమవుతుంది. ఆ స్థితిలో ఉండి "నాకు క్రమశిక్షణ లేదు" అని తీర్పు చెప్పుకోవడం న్యాయం కాదు. అర్ధరాత్రి దాటాక మీ గురించి మీరు ఏ నిర్ణయానికీ రాకండి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇదివరకు ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోవడం, ఏ పనిలోనూ సంతోషం లేకపోవడం వారాల తరబడి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. చిన్నప్పటి నుంచీ ఏకాగ్రత కుదరకపోవడం, పనులు సగంలో వదిలేయడం, వస్తువులు మరిచిపోవడం ఉంటే ఏడీహెచ్‌డీ కావచ్చు. ఈ రెండింటినీ పట్టుదలతో సరిచేయాలని చూసి నలిగిపోయినవాళ్లని చూశాను. అలాంటివి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి, ఆలస్యం చేయకండి.

పరుగు:

నడక గారు, బూట్ల సంగతి మీరన్నది నిజమే. గ్రూపు గురించీ నిజమే. అయితే బూట్లు వేసుకుని గేటు దాటాక కూడా ఒక ఘట్టం ఉంటుంది. మూడో కిలోమీటరు దగ్గర ఊపిరి ఆడనట్టుంటుంది, ఆగిపోదామనిపిస్తుంది. అక్కడ ఏ ఏర్పాటూ కాపాడదు. కాసేపు ఓర్చుకుంటే అది దానంతటదే సర్దుకుంటుందని అనుభవం మీద తెలుసుకోవాలి. వాన చినుకు గారు పుస్తకం తెరిచాక మొదటి కొన్ని నిమిషాలు వచ్చే చిరాకు కూడా అలాంటిదే అనుకుంటున్నాను. చిరాకు వచ్చింది కాబట్టి పుస్తకం మూసేయాలని లేదు. చిరాకుతోనే కూర్చోవచ్చు.

వాన చినుకు:

అందరికీ కృతజ్ఞతలు. నడక గారు మూడో చాప్టర్ గురించి అడిగింది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. అది డిఫర్డ్ ట్యాక్స్, అంటే ఖాతాల లెక్కకీ పన్ను లెక్కకీ ఉండే తేడా వల్ల తర్వాతి ఏళ్లకి వాయిదా పడే పన్ను. ఆఫీసులో ఆ ఎంట్రీలు సీనియర్ చూసుకుంటారు, నా దాకా రావు. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత అది అర్థం కావట్లేదని ఎవరినైనా అడగడానికి మొహమాటం. పుస్తకం చూడగానే వచ్చే చిరాకు దానివల్లే అనిపిస్తోంది. డిప్రెషన్ లక్షణాలైతే లేవు, ఇష్టమైనవి ఇష్టంగానే చేస్తున్నాను. నిద్ర మాత్రం నిజంగానే తక్కువ.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి ఫోన్. పది నిమిషాల చదువుకి కూర్చునేముందు "ఒక్కసారి చూసి పెట్టేద్దాం" అనుకుంటే గంట పోతుంది. రెండోది, ముందే అన్నీ అమర్చుకోండి అంటున్నారు. ఆ అమర్చుకోవడానికి కూడా క్రమశిక్షణ కావాలి కదా? అది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

నడక:

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. ఏర్పాట్లు చేసుకోవడానికీ కొంత పట్టుదల కావాలి, ఒప్పుకుంటాను. కానీ అది మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఆదివారం రాత్రి కూర్చుని టైంటేబుల్ వేస్తున్నారు కదా, ఎవరూ అడక్కుండానే. అప్పుడు మనసు నిమ్మదిగా ఉంటుంది, పుస్తకం ఎదురుగా ఉండదు, కాబట్టి ఓపిక ఉంటుంది. ఆ గంటనే ఇంకోలా వాడండి. గళ్లు గీయడం బదులు టేబుల్ ఖాళీ చేయండి. వారంలో రోజుకొకటి చొప్పున చేయాల్సిన లెక్కలు ఎంచుకుని గుర్తు పెట్టండి. పుస్తకం ఆ పేజీకి తెరిచి, పైన కాగితం, పెన్ను పెట్టేయండి. ఆఫీసు నుంచి వచ్చాక మీరు తప్పకుండా చేసే పని ఏదో ఒకటి ఉంటుంది, రాత్రి డ్యూటీ గారిలా దాని వెనకే ఆ కుర్చీలో కూర్చోవడం పెట్టుకోండి. ఏది అన్నది ఈ రోజే తేల్చుకుని ఇక్కడ రాయండి.

పరుగు గారు చెప్పిన ఓర్పు గురించి కూడా. మా దగ్గర కండరం సాగుతున్నప్పుడు వచ్చే లాగుడు వేరు, ఆపేయాల్సిన నొప్పి వేరు. మొదటిది ఓర్చుకోమంటాం, రెండోది వస్తే ఆగమంటాం. చదవగా చదవగా చిరాకు తగ్గుతుంటే మొదటి రకం, కూర్చోండి. అదే పేరా మళ్లీ మళ్లీ చదివినా బుర్రకి ఎక్కకపోతే ఆగి అడగండి. మీ సీనియర్‌ని అడగడానికి మొహమాటం అన్నారు. "డిఫర్డ్ ట్యాక్స్ నేర్పండి" అని అడగక్కర్లేదు, పోయిన సంవత్సరం ఎంట్రీ ఒకటి చూపించి ఈ మొత్తం ఎలా వచ్చిందో చెప్పమనండి. అరగంట పని. నలుగురి ముందు ఇబ్బందైతే విడిగా అడగండి.

ఫోన్ సంగతి. ఎదురుగా ఉన్నదాన్ని ముట్టుకోకుండా ఉండాలని చూడకండి, పిల్లల ప్రయోగంలో నల్లబల్ల గారు చెప్పింది అదే. ఛార్జర్ హాల్లో పెట్టేయండి, పడకగదిలో ఇంకోటి ఉంచకండి. ఇంటికి రాగానే ఫోన్ అక్కడ తగిలించి, ఆ పది నిమిషాల తర్వాతే తీయండి. రాత్రి పడుకునేటప్పుడు కూడా అది హాల్లోనే. అలారం కోసం కావాలంటారేమో, మామూలు అలారం గడియారం ఒకటి తెచ్చుకోండి. ఇంట్లోవాళ్లకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి, ఆ కాసేపు ఫోన్ మోగితే వాళ్లే ఎత్తుతారు.